కథల పిచ్చి ఉన్న అమ్మాయి, నీట్ ర్యాంకు కావాలనే నాన్న

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. డాక్టరు చదువు వద్దంటోంది. కథ వింటుంటే మెదడులో ఏం జరుగుతుందో అది చదువుతుందట. ‘న్యూరో స్టోరీటెల్లింగ్’ అని ఏదో ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు చూపిస్తోంది. అందులో చేర్పించాలా, సైకాలజీ డిగ్రీ మేలా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, పుత్తూరు

జవాబు: ఫీజు ఇంకా కట్టలేదు కదా? కట్టకండి.

కథ బాగా చెబితే వినేవాడి మెదడులో ఆక్సిటోసిన్ అనే హార్మోన్ ఊరుతుంది, ఎదుటివాడు సరుకు కొనేస్తాడు అని చెప్పే కోర్సుల మీద నాకు నమ్మకం లేదు. నాలుగు మెదడు బొమ్మలు చూపించి సర్టిఫికెట్ చేతిలో పెడతారు. అది చూసి ఉద్యోగమిచ్చినవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

అసలు శాస్త్రం నిదానంగా నడుస్తుంది. 2010లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో మెదడు శాస్త్రవేత్త ఉరి హాసన్ బృందం, ఒకామె తన కథ చెబుతుండగా ఆమె మెదడును ఎఫ్ఎంఆర్ఐలో, అంటే మెదడులో ఏ భాగం ఎప్పుడు చురుగ్గా ఉందో చూపే స్కాన్‌లో, చూసింది. ఆ రికార్డింగు విన్న 11 మంది మెదళ్లలోనూ చాలా చోట్ల అదే కదలిక, కాస్త ఆలస్యంగా. కొన్ని చోట్ల మాత్రం వినేవాళ్ల మెదడే ముందు నడిచింది. అలా ముందు నడిచినవాళ్లకే కథ బాగా అర్థమైంది. రష్యన్ రానివాళ్లకు రష్యన్ కథ వినిపిస్తే ఆ జత కుదరలేదు. మన చిత్తూరు వైపు ఊళ్లలో జరిగే భారతం ఉత్సవంలో, పగలు హరికథ విన్న అవ్వ రాత్రి వీధి నాటకంలో వేషగాడికంటే ముందే మాట అందుకుంటుందే, అది గుర్తొచ్చింది నాకు. అయితే 11 మందిని చూసి లోకమంతా ఇంతే అనకూడదు. ఆ జాగ్రత్త నేర్పేదే చదువు.

మన ఏర్పేడులో ఐసర్ ఉంది, సైన్సు చదువుకీ పరిశోధనకీ పెట్టిన కేంద్ర సంస్థ. అక్కడ డిగ్రీ, పీజీ కలిసిన బీఎస్-ఎంఎస్ కోర్సు ప్రవేశ పరీక్ష బైపీసీ వాళ్లూ రాయొచ్చు. సైకాలజీ డిగ్రీ చేసినా, ఆ తర్వాత ఐఐటీ గాంధీనగర్‌లో కాగ్నిటివ్ సైన్స్ (మనసు, మెదడు ఎలా పనిచేస్తాయో చదివే శాస్త్రం) ఎమ్మెస్సీ ఉంది. లెక్కలూ కోడింగూ తప్పవు. పరిశోధన అంటే పదేళ్ల మాట.

ఇక మీ సంగతి. మీ ఉత్తరం పెద్దది, ఇక్కడ కుదించాను. అందులో పక్కింటి అబ్బాయి నీట్ ర్యాంకు మూడుసార్లు వచ్చింది. మీ పిల్లకు ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందన్నది ఒక్కసారీ రాలేదు. అసలు అడిగారా? మార్కులు బాగానే వస్తున్నాయని మీరే రాశారు. మరి భయం ఎవరిది? పదిహేడేళ్లకు ఏ దారీ మూసుకుపోదు. డిగ్రీ మధ్యలో మనసు మారి, వేరే దారిలో బాగున్న పిల్లల్ని నేను చాలామందిని చూశాను.

ఐసరా, సైకాలజీయా అన్నది పరీక్షలయ్యాక తేలుద్దాం. అమ్మాయిని తీసుకుని రండి. తనే మాట్లాడనీ, మీరు ఒక గంట ఊరికే కూర్చోగలిగితే చాలు.