లబ్నే ఉండలు కట్టడం లేదా?

పెరుగును గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీసినా లబ్నే (నీరు వడకట్టిన గట్టి పెరుగు) జారుగా, పుల్లగా వచ్చిందన్నారు. పులుపు వంటింటి వేడి వల్ల వచ్చింది. మూటను జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి, ఫ్రిజ్‌లోనే వడకట్టండి.

ఒక్క రాత్రికి వచ్చేది రొట్టెకు రాసుకునే లబ్నే. దాని మీద ఆలివ్ నూనె, జాతర్ పొడి (ఎండు మూలికలు, నువ్వులు కలిపిన పొడి) వేసుకుని తినడం లెబనాన్ ఉదయపు అలవాటు. ఆ రుచి వదులుకోకండి! ఉండలకు మాత్రం రెండు మూడు రోజులు ఓపిక పట్టాలి. వెన్న తీయని పాల పెరుగు లీటరుకు ఒక చెంచా ఉప్పు కలపండి, నీరు బాగా దిగుతుంది. మూట విప్పినప్పుడు ముద్ద గుడ్డకు అంటకుండా ఊడి రావాలి, వేలితో నొక్కితే గుంట నిలవాలి. అప్పుడే చేతికి నూనె రాసుకుని ఉండలు చుట్టండి. తడి ఆరాక ఆలివ్ నూనెలో పూర్తిగా మునిగేలా వేసి, ఫ్రిజ్‌లో పెట్టండి.

దిగిన నీటిని పారబోయకండి, చపాతీ పిండి కలపడానికి ఎంతో బాగుంటుంది.