డబ్బా బండికి డిఫ్లెక్టర్: 18 వేలు అప్పు తేవాలా, సొంతంగా చేసుకోవాలా?

ప్రశ్న: హనుమకొండ నుంచి హైదరాబాద్‌కు డబ్బా కట్టిన పికప్‌లో సరుకు వేస్తాను. నెలకు 14 ట్రిప్పులు, 4,200 కిలోమీటర్లు. లీటరుకు 12 వస్తోంది. డబ్బా క్యాబిన్ కంటే రెండడుగులు ఎత్తు. క్యాబిన్ పైన డిఫ్లెక్టర్ (ఎదురుగాలిని డబ్బా మీదుగా మళ్లించే వాలు పలక) పెడితే డీజిల్ మిగులుతుందంటున్నారు. ఫైబర్‌ది 18 వేలు చెప్పారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి పెట్టించనా, నేనే చేసుకోనా?

జవాబు: అప్పు మాత్రం చేయకండి. మీరు నెలకు పోయించేది 350 లీటర్లు. లీటరు 96 వేసుకుంటే 33,600 రూపాయలు. డిఫ్లెక్టర్ 3 శాతం మిగిల్చిందనుకున్నా నెలకు వెయ్యి. మొదటి నెల అందులో 360 వడ్డీకే పోతుంది. మిగిలిందంతా అసలుకే కడుతూ పోయినా బాకీ తీరడానికి 22 నెలలు దాటుతుంది.

పైసా ఖర్చు లేని పని ముందు చేయండి. వేగం రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. జనగామ, ఆలేరు దాటాక 80లో పోయే బండిని 65లో నడిపితే ఆ అడ్డు మూడో వంతు తగ్గుతుంది. దారంతా అలా నడిపినా ఒకవైపుకు ఆలస్యం అరగంట లోపే. టైర్లలో గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూపించండి.

ఆ తర్వాత కూడా చేయాలనుకుంటే 2,000 దాటనివ్వకండి. ముప్పావు అంగుళం చదరపు గొట్టంతో ఫ్రేము, దాని మీద ఏసీపీ షీటు (రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్ ఉండే పలక). ఫ్లెక్సీ బోర్డులకు వాడే సన్‌ప్యాక్ ప్లాస్టిక్ షీటు నమూనా కత్తిరించుకోవడానికి మంచిది గానీ రోడ్డు మీదికి పనికిరాదు. 80 వేగంలో గాలి చదరపు మీటరుకు దాదాపు 30 కిలోల బరువుతో నెడుతుంది. ఎదురుగా లారీ పోతే ఇంకా ఎక్కువ. అందుకే ఫ్రేముకు అడుగుకొక అడ్డ గొట్టం పెట్టించండి. పలక నిటారుగా ఉంటే అదే కొత్త అడ్డవుతుంది, వెనక్కి బాగా వాలాలి. బిగింపు డబ్బా ముందు గోడకే. క్యాబిన్‌కూ డబ్బాకూ కలిపి బిగిస్తే గుంతల్లో రెండూ వేర్వేరుగా ఊగి నట్లు వదులవుతాయి. రంధ్రాలకు సిలికాన్ పెట్టకుంటే మొదటి వానకే సరుకు తడుస్తుంది. ముందు జాలీని మాత్రం మూయకండి, మన ఎండలకు ఇంజిన్ వేడెక్కుతుంది.

ఒక్క ట్రిప్పుతో తేల్చేయకండి. 300 కిలోమీటర్లకు పట్టేది 25 లీటర్లు. ట్యాంకు నింపడంలో అర లీటరు తేడా వస్తేనే 2 శాతం. మూడు ట్రిప్పులు పలక లేకుండా, మూడు పలకతో, మళ్లీ మూడు తీసేసి నడపండి. అదే బంకు, అదే నాజిల్, నాజిల్ దానంతటదే మొదటిసారి ఆగగానే (కటాఫ్) ఆపాలి; బరువు, వేగం మారొద్దు. పెట్టాక లీటరుకు 12.3 దాటి, తీశాక మళ్లీ 12కు వస్తేనే అది పలక పుణ్యం.

బిగించే ముందు ఆర్టీఏ ఆఫీసులోనూ బీమా కంపెనీలోనూ రాతపూర్వకంగా అడగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. అంటే ఒక్క చలానాకు ఐదు నెలల పొదుపు పోతుంది.