అక్టోబర్‌లో సొరపాదు పీకేయాలా?

న్యూజెర్సీలో చలి మొదలైంది, సొరపాదూ టమాటా మొక్కలూ పీకేయమంటారా అని అడిగారు. దయచేసి అప్పుడే పీకకండి. మేముండేదీ ఎడిసన్ దగ్గరే. తొలి మంచు (ఫ్రాస్ట్) పడేదాకా పెరట్లోంచి ఎంత తీసుకోవచ్చో నేను మా పక్కింటి పెద్దాయన దగ్గరే నేర్చుకున్నాను, ఆయనది ఇటలీలోని సిసిలీ.

1965 నాటి అమెరికా వలస చట్టం దేశాలవారీ కోటాలు ఎత్తేశాక ఆయన అమ్మానాన్నలతో ఇక్కడికి వచ్చారు. మనవాళ్లు పెద్దఎత్తున రాగలిగిందీ ఆ చట్టం వల్లే. ఆయన పందిరి మీద గజం పొడవున వేలాడే కాయల్ని వాళ్లు కుకుజ్జా అంటారు, అచ్చం మన సొరకాయే. కాపు తగ్గాక ఆయన తీగ కొసలూ లేత ఆకులూ తుంచి, వెల్లుల్లి, టమాటాలతో ఉడికించి, స్పగెట్టీ విరిచి వేసి జారుగా వండుతారు. వాళ్లమ్మ ఊళ్లో చేసిన వంటే అది. ఎంత అడిగినా ఊరి సంగతులు చెప్పని మనిషి, ఆ గిన్నె ముందు కూర్చుంటే మాత్రం అమ్మ గురించి ఆపకుండా మాట్లాడతారు. మా ఇంట్లో సొర ఆకు ఎప్పుడూ వండలేదు, ఇప్పుడు పెసరపప్పులో వేస్తున్నాం, చాలా బాగుంటుంది, చేసి చూడండి.

విత్తనానికి ఒక కాయ తప్పకుండా వదలండి. ఆయన ఆగస్టులోనే మంచి కాయ చూసి, ఎవరూ కోయకుండా తొడిమకి ఎర్ర గుడ్డపేలిక కడతారు, వాళ్లమ్మ కూడా అలాగే కట్టేదట. మీ పాదు మీద గోరు దిగనంత ముదిరిన కాయ ఉంటే చాలు, తొడిమతో కోసి గరాజ్‌లో గాలి తగిలేచోట పెట్టండి. పైన బూజు పట్టినా టెన్షన్ పడకండి, తుడిచేస్తే సరిపోతుంది. ఎండడానికి నెలలు పడుతుంది, ఊపితే గింజలు గలగలమనాలి.

పచ్చి టమాటాల్ని మంచు పడకముందే కోసి, న్యూస్‌పేపర్‌లో చుట్టి, బేస్‌మెంట్‌లో ఒక పండిన ఆపిల్‌తో పాటు పెట్టండి. పండడానికి ఎండ అక్కర్లేదు, ఆపిల్ నుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువు చాలు. మరీ గట్టివి పచ్చడికి వాడేయండి.

ఖాళీ అయిన మడిలో వెల్లుల్లి రెబ్బలు మొన పైకి ఉండేలా గుచ్చి, మీద ఎండుటాకులు కప్పండి. వచ్చే జూలైకి గడ్డలు తవ్వుకోవచ్చు. సొర గింజలు దొరక్కపోతే చెప్పండి, ఆయన కాయవి నా దగ్గర ఉన్నాయి, పంపిస్తాను.