జబ్బు పద్దు నీవే రాసుకోవాలి

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవి అమ్మాయికి మీ పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న మీ అమ్మ ఫోనులో "తలలో గడ్డ" అన్న రెండు మాటలు చెప్పి, ఆపైన ఏడుపు ఆపుకోలేక పెట్టేసింది. తరువాత నీవు పంపిన రిపోర్టులు తీరిగ్గా చదివాను. ఏడు మిల్లీమీటర్ల గడ్డ, ఎక్కువగా ఉన్న ప్రొలాక్టిన్ (పాలు పట్టించే హార్మోన్), ఆగిపోయిన నెలసరి, కాన్పు కాకుండానే వస్తున్న పాలు: ఇవన్నీ ఒకే చోటి నుంచి వచ్చినవే. ముక్కు దూలానికి వెనుక, పుర్రె అడుగున చిన్న ఎముక గుంటలో బఠాణీ గింజంత పీయూష గ్రంథి ఉంటుంది. దానిలో వచ్చే గడ్డలు దాదాపు అన్నీ క్యాన్సర్ కానివే. పది మిల్లీమీటర్ల లోపు వాటిని చిన్నవిగానే లెక్కిస్తారు. నాది ఇరవై నాలుగు మిల్లీమీటర్లు, ఏ హార్మోనూ తయారు చేయని రకం. అందుకే దాన్ని ముక్కులోంచి ఆపరేషన్ చేసి తీయవలసి వచ్చింది. ప్రొలాక్టిన్ తయారు చేసే గడ్డ మాత్రం సాధారణంగా మాత్రలకే కుంచించుకుపోతుంది కనుక, "ఆపరేషన్ ఎప్పుడు?" అని అడిగే బంధువులకు నీవు జవాబు వెతుక్కోనక్కరలేదు.

ట్రెజరీలో ముప్పై ఏళ్లు పనిచేసినదాన్ని కాబట్టి నా భాషలోనే చెబుతాను. ఖర్చు నిజమే అయినా తప్పు పద్దు కింద రాస్తే ఏడాది చివర లెక్క తేలదు. నేను రెండేళ్లపాటు చేసింది అదే. నీరసాన్ని వయసు కింద, నెలసరి ఆగడాన్ని ముట్లుడిగే కాలం కింద, తలనొప్పిని ఆఫీసు ఫైళ్ల కింద, చూపు తగ్గడాన్ని కళ్లద్దాల కింద రాసేశాను. అద్దాలు రెండుసార్లు మార్చారు. ఎదురుగా ఉన్న అక్షరాల బోర్డు చివరి వరుస దాకా చదువుతున్నాను గనుక చూపు బాగానే ఉందన్నారు. కానీ శంకర్ విలాస్ సెంటర్‌లో రోడ్డు దాటుతుంటే స్కూటర్లు గాలిలోంచి పుట్టినట్టు పక్కనే ప్రత్యక్షమయ్యేవి, వంటింటి గుమ్మం భుజానికి తగిలేది. చివరికి ఒక కంటి డాక్టరు గిన్నెలాంటి యంత్రంలో తల పెట్టించి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. పరీక్ష అయ్యాక చేతికిచ్చిన కాగితంలో ఎడమ కంటికి ఎడమ సగం, కుడి కంటికి కుడి సగం మసిబొగ్గులా ఉన్నాయి. గ్రంథికి పైనే కంటి నరాలు ఒకదానినొకటి దాటిపోతాయట. గడ్డ పెరిగి ఆ కూడలిని కింది నుంచి నొక్కితే రెండు పక్కల చూపూ పోతుంది. నీ గడ్డ అంతదాకా పెరగలేదు గానీ, చూపు పరిధి పరీక్ష ఎప్పుడు అవసరమో డాక్టరును అడిగి పెట్టుకో.

కాబట్టి ఒక నోటుపుస్తకం కొను. ఈ జబ్బులో స్త్రీల డాక్టరు ఒక ముక్క, కంటి డాక్టరు ఒక ముక్క, న్యూరోసర్జన్ ఒక ముక్క చూస్తారు. అన్నీ కలిపి చూసేది హార్మోన్ల డాక్టరు, ఆయన కంటే ముందు నీవు. నెలసరి తేదీ, తలనొప్పి వచ్చిన వేళ, రక్త పరీక్షల అంకెలు, వేసుకున్న ప్రతి మాత్ర పేరూ అందులో రాయి. గ్యాస్‌కని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రల్లో చాలావాటిలో డోంపెరిడోన్ అనే వాంతుల మందు కలిసి ఉంటుంది. అది కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతుంది. జుట్టుకని వాడే బయోటిన్ అనే విటమిన్ కొన్ని హార్మోన్ పరీక్షల అంకెలనే తారుమారు చేస్తుంది. థైరాయిడ్ విషయంలో నేను మోసపోయాను: పీయూష గ్రంథి థైరాయిడ్‌కు పంపే ఆజ్ఞ, అంటే టీఎస్‌హెచ్, మామూలుగా ఉందని వదిలేశారు, తీరా చూస్తే థైరాయిడ్ తయారు చేసే టీ4 హార్మోన్ తక్కువ. ఆజ్ఞ ఇచ్చే గ్రంథే దెబ్బతిన్నప్పుడు ఆజ్ఞను మాత్రమే కొలిచి లాభం లేదు. రెండూ చూడమని అడుగు, జబ్బును తట్టుకునే శక్తినిచ్చే కార్టిసాల్ హార్మోన్‌ను ఉదయం ఎనిమిది గంటలకు చూడమని కూడా.

ప్రొలాక్టిన్‌ను తగ్గించడానికి నీకు రాసిన క్యాబర్‌గోలిన్ మాత్ర వారానికి రెండుసార్లు వేసుకొనేది. సోమ, గురు వారాలని పెట్టుకొని, రాత్రి అన్నం తిన్నాక వేసుకొని పడుకో. మొదట్లో వికారం ఉంటుంది, మంచం మీద నుంచి గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. కొద్దిమందిలో ఇది మనసు మీద కూడా పనిచేసి, అదుపులేని కొనుగోళ్లకో జూదానికో దారితీస్తుంది. బీసెంట్ రోడ్డు బజారుకు రోజూ వెళ్లాలనిపిస్తే సిగ్గుపడక డాక్టరుకు చెప్పు. ప్రొలాక్టిన్ తగ్గిందని నీ అంతట నీవు ఆపకు, మామూలుగా రెండేళ్లకు తక్కువ కాకుండా వాడిస్తారు. ఇంకొక మాట, మీ అత్తగారికి చెప్పనవసరం లేదు: నెలసరి తిరిగి రాకముందే గర్భం నిలిచే వీలుంది. కావాలనుకున్నా, ఇప్పుడే వద్దనుకున్నా, ముందే డాక్టరుతో మాట్లాడు.

నా సంగతి వేరు. నా శరీరం కార్టిసాల్ చేసుకోలేదు కాబట్టి ఆ లోటు తీర్చే స్టెరాయిడ్ మాత్ర హైడ్రోకార్టిసోన్ పొద్దున ఎక్కువ, మధ్యాహ్నం తక్కువ మింగుతాను. జ్వరం వస్తే డాక్టరు చెప్పిన ప్రకారం రెట్టింపు, వాంతులైతే ఇంజెక్షన్. ఒక రోహిణి కార్తెలో విరేచనాలతో నన్ను ఆసుపత్రికి తీసుకెళ్తే, "స్టెరాయిడా? ముందు ఆపండి" అన్నాడొక కుర్ర డాక్టరు. అప్పటికి నా బీపీ పడిపోతోంది. ఈ మందు ఆపకూడదని రాసి ఉన్న కార్డును మా అబ్బాయి నా పర్సులోంచి తీసి చూపించబట్టి బతికాను. నీకు ఆ మందు రాస్తే కార్డు ఆ రోజే రాయించుకో. కార్తిక సోమవారం ఉపవాసమున్నా నేను మాత్రలు మానను. కొండ మీది అమ్మవారు అందుకు కోపగించదు.

ఎప్పుడైనా పిడుగు పడినట్టు తలనొప్పి వచ్చి, వాంతులు, చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనబడటం, రెప్ప వాలిపోవడం మొదలైతే గడ్డలో రక్తస్రావం జరిగి ఉండవచ్చు. అది చాలా అరుదు. కానీ తెల్లవారేదాకా ఆగకుండా, వీధి చివరి క్లినిక్కును దాటి, ఎంఆర్ఐ, న్యూరోసర్జన్ ఉన్న పెద్ద ఆసుపత్రికే వెళ్లండి.

వచ్చే ఆదివారం విజయవాడ నుంచి వచ్చేటప్పుడు ఎంఆర్ఐ ఫిల్ములు తీసుకురా. వంటింటి అలమారలో ఉండే గ్యాస్ మాత్రల షీటు కూడా తెచ్చుకో, వెనుక సన్నటి అక్షరాల్లో ఏముందో ఇద్దరం చదువుదాం.

ఇట్లు,
మీ పెద్దమ్మ