అప్పు లెక్క వేరు, నిరీక్షణ వేరు

ఒంగోలు

నాయనా,

ప్రభువు పేరట నీకూ కోడలమ్మాయికీ పిల్లలకూ దీవెనలు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి సంగతంతా చెప్పింది. ఇంటిస్థలం అమ్మి పెద్ద అప్పులు తీర్చేస్తావట, మిగిలినవి నెలనెలా కడతానని అందరి దగ్గరా ఒప్పుకున్నావట, హైదరాబాదులో స్కూల్ బస్సు డ్రైవర్‌గా చేరబోతున్నావట. ఇదంతా నీ నోటితో నాకు చెప్పడానికి ఏమైందిరా? నేను మీ నాన్నకు అక్కను, పరాయిదాన్ని కాదు. ముందు నీ మీద కోపం వచ్చింది. తర్వాత రాత్రంతా నిద్ర పట్టలేదు. తెల్లారాక లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. అప్పులైతే రాత్రికి రాత్రి ఇంటికి తాళం వేసి వెళ్లిపోయినవాళ్లను చూశాను. నువ్వు గుమ్మం గుమ్మానికీ వెళ్లి, ఇంత ఇస్తాను, ఇంత గడువు కావాలని అడిగావని మీ అమ్మ చెబుతుంటే నాకు గర్వంగా అనిపించింది. 2024లో నల్ల బర్లీ పొగాకుకు రేటు బాగుందని మీ వైపు అందరూ వేసినట్టే నువ్వూ కౌలుకు తీసుకుని వేశావు. 2025లో కంపెనీలు కొనడానికి వెనకాడాయి, రేటు పడిపోయింది, చివరికి ప్రభుత్వం తన మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌తో కొనిపించాల్సి వచ్చింది. అది నీ ఒక్కడి తెలివితక్కువతనం కాదు. ఆ మాట నీకు నువ్వు చెప్పుకోవడం లేదని మీ అమ్మ మాటల్లో అర్థమైంది.

లెక్కల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. అప్పులన్నీ ఒకే కాగితం మీద రాసి అమ్మాయికి చూపించు. మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం, అది ముందు తీర్చు. కొంత కట్టిన ప్రతిసారీ ప్రామిసరీ నోటు వెనక ఎంత ముట్టిందో రాయించి చెల్లు వేయించు, పూర్తిగా కట్టాక నోటు వెనక్కి తీసుకో. ఫోన్‌లో నిమిషంలో అప్పిస్తామనే యాప్‌ల జోలికి పోవద్దు. గేదెలను అమ్మొద్దు. అప్పులవాడు పిల్లల్ని పట్టుకుపోతాడని విధవరాలు ఏడ్చినప్పుడు ఎలీషా ప్రవక్త డబ్బు తీసి ఇవ్వలేదు, నీ ఇంట్లో ఏముందని అడిగాడు. ఉన్నది ఒక్క నూనె కుండ. మీ ఇంట్లో ఉన్నవి ఆ రెండు గేదెలు. అమ్మాయి పాలు పోసుకుంటుంది.

ఇదంతా నీకూ తెలిసిందే. నాకున్న భయం వేరే. మీ మావయ్య సంగతి నీకు ఎవరూ పూర్తిగా చెప్పి ఉండరు. నువ్వప్పుడు చిన్నపిల్లాడివి.

ఆయన కిరాణా కొట్టు అరువుల్లో మునిగిపోయింది. ఇచ్చిన సరుకు డబ్బు రాలేదు, తెచ్చిన సరుకు డబ్బు కట్టక తప్పలేదు. ఆ రోజుల్లోనే పక్క ఊళ్లో మూడు రోజుల సభలు జరిగాయి. ఆఖరి రాత్రి ప్రసంగీకుడు, అప్పుల్లో ఉన్నవాళ్లు లేచి నిలబడండి అన్నాడు. ఈ రాత్రి విత్తన కానుక వేసినవాళ్ల అప్పు నలభై రోజుల్లో రద్దవుతుంది, నూరంతలుగా తిరిగి వస్తుంది అన్నాడు. మీ మావయ్య లేచి నిలబడ్డారు. మర్నాడు నా గాజులు బ్యాంకులో పెట్టి, వచ్చిన డబ్బంతా కవర్‌లో పెట్టి ఇచ్చి వచ్చారు.

నలభై రోజులూ ఆయన చాలా హుషారుగా ఉన్నారు. అప్పులవాళ్లు వస్తే నవ్వుతూ, ఇంకొన్నాళ్లు ఆగండి అనేవారు. గడువు దాటింది. ఏమీ జరగలేదు. మరి కొన్నాళ్లు చూశారు. ఆ ప్రసంగీకుడి మీద ఆయనకు కోపం రాలేదురా, వస్తే బాగుండేది. నా విశ్వాసంలోనే లోపం ఉంది, దేవుడు నన్ను వద్దనుకున్నాడు అన్నారు. అంతటితో మందిరానికి రావడం మానేశారు. ఇరవై ఏళ్లు డీకనుగా కానుకల సంచి పట్టిన మనిషి, ఆదివారం గంట వినబడితే కొట్టు షట్టర్ దించుకుని లోపల కూర్చునేవారు. ఎవరైనా పలకరిస్తే ఒంట్లో బాగాలేదనమని నాతో చెప్పించేవారు. డబ్బు పోవడం ఒక నష్టం. దేవుడితో బేరం పెట్టుకుని, ఆ బేరం కుదరలేదు కాబట్టి దేవుడే లేడనుకోవడం దానికి పదింతల నష్టం. గాజులు తర్వాత విడిపించుకున్నాం. ఆ రెండేళ్ల మౌనం మాత్రం ఆయన ఆరోగ్యాన్ని తినేసింది.

ఆయన్ని మళ్లీ మనుషుల్లోకి తెచ్చింది ప్రసంగం కాదు. మన ఆడవాళ్లు అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి సంఘం కోసం పక్కన పెడతారు కదా, ఒకరోజు సాయంత్రం ఆ బియ్యం సంచి మా గుమ్మంలోకి వచ్చింది. తెచ్చిన ముసలావిడ పొలం పనికి వెళ్లి బతికే మనిషి. మీ మావయ్య వద్దన్నారు. ఆ బియ్యం పేదవాళ్ల కోసమమ్మా అన్నారు. అయ్యా, ఈ నెల తమరే కదా అందావిడ. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. ఆయనకు ఆ క్షణంలోనే నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. ఆ రాత్రి ఆ బియ్యమే వండాను.

పౌలు ఫిలిప్పీయులకు రాసిన నాలుగో అధ్యాయం నీకు కంఠస్థమే. నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను అన్న మాట క్యాలెండర్ల మీదా ఆటోల వెనకా రాసుకుంటారు, పరీక్ష పాసవ్వడానికీ వ్యాపారం పెరగడానికీ అన్నట్టు. దాని పై వచనం చదువు. కడుపు నిండినా, ఆకలితో ఉన్నా, ఏ స్థితిలోనైనా తృప్తిగా ఉండడం నేర్చుకున్నానంటాడు, అదీ సంకెళ్లలో ఉండి. దాని కింది వచనం కూడా చదువు. అయినా నా శ్రమలో మీరు పాలుపంచుకోవడం మంచి పని అని వాళ్లు పంపిన సాయానికి సంతోషిస్తాడు. తృప్తి అంటే నాకెవరూ అక్కర్లేదని తలుపేసుకోవడం కాదు. నీకు ఎవరి దగ్గరా చెయ్యి చాపని పట్టుదల మీ నాన్న నుంచి వచ్చింది. ఆ పట్టుదలే నాకు భయం.

డ్రైవర్ పని చిన్నతనమని మీ చిన్నాన్న అన్నాడట. వాడికి మన పెద్దల సంగతి గుర్తు చెయ్యి. 1876లో మొదలైన ధాత కరువులో మన ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో మూడు మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కరువుజనానికి కూలి ఇప్పించాడు. మట్టి తట్టలు మోసి మన వాళ్లు బతికారు. ఇంకో సంగతి నాకు మరీ ఇష్టం. కూడు కోసం మతంలో కలిశారన్న మాట పడకూడదని, సాయం పని నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ఆగిపోయాకే, ఇక వచ్చేదేమీ లేదని తెలిసి కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దేవుడి దగ్గర వాళ్లు బేరం ఆడలేదు. మీ మావయ్యకు ఈ కథ ముందే ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది.

కాబట్టి ప్రార్థనలో అప్పు సంగతి దాచకు. అడుగు, విసుక్కో, ఎందుకిలా చేశావని నిలదియ్యి. హబక్కూకు ప్రవక్త అడగలేదా? చేలో పంట లేకపోయినా, సాలలో పశువులు లేకపోయినా నేను ఆనందిస్తానన్నాడు చివరికి. పంట వచ్చిందని ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. నీ అప్పు మూడేళ్లు పట్టవచ్చు, అయిదు పట్టవచ్చు. ఆ అయిదేళ్లూ దేవుడు నీతో ఉంటాడన్నదే నా నిరీక్షణ, నా ఆశ.

హైదరాబాదులో గది దొరకగానే దగ్గరలో ఒక చిన్న సంఘం చూసుకో. పెద్ద స్క్రీన్లున్న చోటు వద్దు, ఒక్క ఆదివారం రాకపోతే ఎందుకు రాలేదని అడిగే చోటు చూడు. వేళకు తిను. చచ్చిపోతే బాగుండునని ఏలీయా ప్రవక్త చెట్టు కింద పడుకుంటే దూత వచ్చి బోధ చెయ్యలేదు, రొట్టె పెట్టి మళ్లీ పడుకోనిచ్చాడు. పొలానికి తెచ్చిన పురుగుమందు డబ్బాలు మిగిలి ఉంటే ఇవాళే ఇంట్లోంచి తీసెయ్యి. ఎందుకు చెప్తున్నానో నీకు తెలుసు, కోప్పడకు. నీకు అలాంటి రాత్రి వస్తే, రెండు గంటలైనా మూడు గంటలైనా, నాకు ఫోన్ చెయ్యి. ముసలిదాన్ని, నాకెలాగూ నిద్ర పట్టదు.

అమ్మాయి గొలుసు మాత్రం తాకట్టు పెట్టించొద్దు. ఆమె తనంతట తాను ఇచ్చినా వద్దు.

బస్సు ఎటూ ఒంగోలు మీదుగానే కదా. ఒక పూట ముందు దిగు, భోజనం చేసి వెళ్దువుగాని. నోట్ల జిరాక్సులు పట్టుకురా, చెల్లు సరిగ్గా వేశారో లేదో నేను చూస్తాను.

మీ అత్తయ్య