పాత ఆకురాయితో మంగలి కత్తి చేసుకోవచ్చా?

ఇంట్లో పడి ఉన్న పాత ఆకురాయిని (ఇనుమును రాచే ఉక్కు పనిముట్టును) మంగలి కత్తిగా మార్చుకోవచ్చా, కమ్మరి దగ్గర కొట్టించి సాన పట్టిస్తే సరిపోతుందా అని అడిగారు. మార్చుకోవచ్చు. నేను రోజూ గడ్డం గీసుకునేది అలా చేసుకున్న కత్తితోనే. కానీ సాన పట్టించినంత మాత్రాన సరిపోదు. నాకు రెండు కత్తులు పాడయ్యాక మూడోది కుదిరింది.

మాది ప్రొద్దుటూరు. చిన్నప్పుడు పొది (మంగలి సామాన్ల సంచి) పట్టుకొని ఇంటికొచ్చే పెద్దాయన తోలుపట్టె మీద కత్తి రుద్దుతుంటే ఎదురుగా కూర్చొని చూసేవాణ్ని. అటు తిప్పినా ఇటు తిప్పినా కత్తి వీపు, అంటే అంచుకు ఎదురుగా ఉండే మందపాటి వైపు, తోలును వదిలేది కాదు. వీపు ముందు వెళ్తుంటే అంచు దాని వెనకాల వచ్చేది. ఆయన అలా ఎందుకు తిప్పేవాడో నేను సొంతంగా కత్తి చేసినప్పుడే అర్థమైంది.

ముందు ఉక్కు చూసుకోండి. మంచి ఆకురాయిలో కార్బన్ ఒక శాతం పైనే ఉంటుంది, మనకు కావలసింది అదే. చవకరకాల్లో కొన్నిటికి పైపొర ఒక్కటే గట్టిగా ఉంటుంది. ఒక చిన్న ముక్క కోసి, ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి సుత్తితో కొట్టండి. గాజులా పుటుక్కున విరిగితే పనికొస్తుంది, వంగితే వదిలేయండి. పనికొచ్చేదాన్ని కొలిమిలో ఎర్రగా కాల్చి రాత్రంతా బూడిదలో పూడ్చిపెడితే మెత్తబడుతుంది. ఆ తర్వాత రంపానికి, రాపిడికి లొంగుతుంది.

నా మొదటి కత్తికి అందంగా ఉంటాయని తోక (వెనక కొస) దగ్గర ఆకురాయి పళ్ల గీతలు కొన్ని ఉంచేశాను. కాల్చి నీళ్లలో ముంచగానే టిక్కుమని చిన్న చప్పుడు. తీసి చూస్తే సరిగ్గా ఒక గీత వెంబడే వెంట్రుకంత పగులు. కొలిమి దగ్గరి పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకొని, "చెప్పినా కదబ్బీ ఆ గీతలు తీసేయమని. ఇంత పల్చని దానికి నీళ్లు పనికిరావు, నూనె ఎత్తుకోని రా" అన్నాడు. అప్పటి నుంచి వేరుశెనగ నూనే వాడుతున్నాను. అది కూడా చల్లగా ఉండకూడదు, 50-60 డిగ్రీల దాకా కాగాలి. కాల్చే పని పొద్దు గుంకాక పెట్టుకోండి. మా కడప ఎండలో ఉక్కు ఎరుపు ఎంతో కంటికి ఆనదు. పాత స్పీకర్ అయస్కాంతం పక్కన పెట్టుకోండి. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అక్కడి నుంచి ఇంకొంచెం వేడెక్కనిచ్చి, మొన కిందికి పెట్టి నిట్టనిలువుగా ముంచాలి. పక్కకు వాలిస్తే వంకర పోతుంది. అప్పటికి అంచు మందం ముప్పావు మిల్లీమీటరు దాకా ఉండనివ్వండి. తీశాక కొత్త ఆకురాయితో గీస్తే పట్టకుండా జారిపోవాలి. వెంటనే ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంట చొప్పున రెండుసార్లు పెట్టండి. లేత గడ్డిరంగు వస్తే పెళుసుదనం తగ్గినట్టు.

ఇక అసలు సంగతి వీపు. మంగలి కత్తిని సానరాయి మీద ఏటవాలుగా పట్టుకోం. వీపూ అంచూ రెండూ ఒకేసారి రాయికి ఆనేలా పడుకోబెట్టి రుద్దుతాం. అంటే కోణాన్ని నిర్ణయించేది మన చెయ్యి కాదు, వీపు మందం. అది వెడల్పులో పావు వంతు కంటే కాస్త ఎక్కువ ఉండాలి. నా కత్తి వెడల్పు 20 మిల్లీమీటర్లు, వీపు 5.5. అంచు కోణం దాదాపు 16 డిగ్రీలు వచ్చింది. రెండో కత్తి పోయింది ఇక్కడే. ఇంట్లో మిగిలిన కడప బండ ముక్క నున్నగా ఉంది కదా అని దాని మీద వాటర్ పేపర్ పరిచి వీపు రుద్దాను. రెండు కొసలూ పల్చబడి మధ్యలో మందం మిగిలిపోయింది. సానరాయి మీద పెడితే కత్తి ఊగింది, అంచు మధ్యలో పల్లం పడింది. అనుమానమొచ్చి బండ మీద స్టీలు స్కేలు నిలబెడితే దాని కింద వెలుతురు కనిపించింది. తర్వాత మందపాటి అద్దం ముక్క కోయించుకొని దాని మీదే పని చేశాను.

గట్టిపడ్డాక గ్రైండర్ మీద పల్చన చేసేటప్పుడు గ్లౌజులు వద్దు. వేలికి వేడి తగలగానే నీళ్లలో ముంచాలి. అంచున నీలిరంగు వచ్చిందంటే ఆ మేర ఉక్కు మెత్తబడిపోయినట్టే. సానరాళ్లు 1000, 4000, 8000 నంబర్ల వరుసలో వాడాను, నంబరు పెరిగేకొద్దీ రాయి నున్నగా ఉంటుంది. అంచు పొడవునా మార్కర్‌తో గీత గీసి ఒక్కసారి రుద్ది చూడండి. రంగు ఎక్కడ మిగిలితే అక్కడ రాయి తగలనట్టు. ప్రొద్దుటూరులో బంగారు పనివాళ్ల సామాన్ల అంగళ్లు ఉండటం నాకు బాగా కలిసొచ్చింది. పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, మెరుగు పెట్టే ఆకుపచ్చ ముద్ద రెండూ అక్కడే దొరికాయి. ఆ ముద్ద కొద్దిగా పూసిన తోలు మీద పదిసార్లు, ఉత్త తోలు మీద యాభైసార్లు తిప్పితే చాలు.

పిడికి బర్రెకొమ్ము వాడాను. కోసేటప్పుడు వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, మాస్కు పెట్టుకోండి. ఎర్రచందనం ముక్క తెచ్చిస్తామని ఎవరైనా అంటే వద్దనండి, అది కేసుల దాకా పోయే వ్యవహారం. నల్లతుమ్మ చేవ కూడా బాగుంటుంది.

కమ్మరి దగ్గర మీకు పని పడేది మెత్తబరచడానికి ఒకసారి, గట్టిపరచడానికి ఒకసారి. మిగతాదంతా ఇంట్లోనే. నాకు ఆదివారాలు మాత్రమే కుదిరి నాలుగు నెలలు పట్టింది. మీ ఆకురాయి వెడల్పు, మందం కొలిచి ఇక్కడ రాయండి. పళ్లు రాచేశాక వీపుకు ఎంత మిగులుతుందో, దానికి ఎంత వెడల్పు కత్తి సరిపోతుందో లెక్క కట్టి చెప్తాను.