గొర్రె తొడతో హత్య: మీరు వెదుకుతున్న ఎపిసోడ్ ఇదే

గడ్డకట్టిన గొర్రె తొడతో భర్తను కొట్టి చంపిన భార్య, దర్యాప్తుకు వచ్చిన పోలీసులకే దాన్ని వండి వడ్డించే కథ ‘ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ అవర్’ అనే అమెరికన్ టీవీ సిరీస్‌లో ఎంత వెదికినా దొరకలేదని మీరు రాశారు. అది 1962లో మొదలైన ఆ గంట కార్యక్రమంలోది కాదు. అంతకుముందు, 1955 నుంచి అరగంట చొప్పున వచ్చిన ‘ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ప్రెజెంట్స్’ మూడవ సీజన్‌లో, 1958 ఏప్రిల్‌లో ప్రసారమైన ‘ల్యాంబ్ టు ద స్లాటర్’. రోల్డ్ డాల్ కథకు హిచ్‌కాక్ స్వయంగా దర్శకత్వం వహించగా, బార్బరా బెల్ గెడెస్ భార్యగా నటించారు. పోలీసులు తింటూ ఆయుధం గురించి మాట్లాడుకుంటుండగా ఆమె నవ్వే ఆ నవ్వు కోసమే దాన్ని మళ్ళీ చూడవచ్చు. అయితే నాకు అంతకన్నా ఇష్టమైనది అదే ‘ప్రెజెంట్స్’ సిరీస్‌లోని 1955 నాటి ఎపిసోడ్ ‘బ్రేక్‌డౌన్’: కారు ప్రమాదంలో కదలలేని స్థితికి చేరి, చనిపోయాడని అందరూ అనుకున్న మనిషి మనసులోని మాటలు మనకు మాత్రమే వినిపిస్తాయి. ముగింపు చెప్పను.